బొంత వెల ఎంత?

ధ్యానం కొరకు చదవవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36-42, సామెతలు 20:14, యెషయా 28:20



ఈ వారం బొంతల గురించి ధ్యానించుకుందాం. బొంతల మీద కూడా వాక్యమా అని నవ్వకండి. చివరిదాకా చదవండి.

మన తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ప్రభుత్వం పెట్టిన నియమం ఇది. మంచి నియమమే. అయితే ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుందో మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఏ పాళెంలో అడిగినా చెబుతారు. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఆడవాళ్లకు గంపలో వేసుకోవడానికి చేప ఉండదు. అప్పుడు కొందరు అక్కలు సూది పడతారు. పగలు పొడుగు, ఎండ బలంగా కాస్తుంది, ఉతికిన చీర చూస్తూ ఉండగానే ఆరిపోతుంది. ఆ ఎండల్లో కుట్టిన బొంత అక్టోబరు వానలకు, డిసెంబరు మంచుకు అక్కరకు వస్తుంది. వేసవిలోనే ఆహారం సిద్ధపరచుకునే చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని సామెతలు 6వ అధ్యాయం చెప్పే సంగతి ఈ అక్కల వసారాల్లో కంటికి కనబడుతుంది.

మన సంఘంలో భర్తను కోల్పోయిన ఒక సహోదరి ఇలాగే ఇంటి దగ్గర బొంతలు కుట్టి అమ్ముతున్నది. ఆమె ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి పాస్టరమ్మ పక్కన కూర్చుని ఇలా అడిగింది. "అమ్మా, దొర్కా ఊరికే కుట్టిచ్చింది గదా, నువ్వేంది ఇంత అడగతా ఉండావు అన్నారమ్మా. మన సంఘమోళ్లే. డబ్బులు తీసుకోవడం పాపమా? పాపమైతే చెప్పండమ్మా, మానేస్తా."

ఆమెకు ఆ రోజే జవాబు చెప్పాము. కానీ ఆ మాట ఆమెతో అన్నది ఒక్కరు కాదు. కాబట్టి జవాబు అందరికీ చెప్పవలసి ఉన్నది.

1. బొంతలో ఏమున్నది?

"పాత చీరలే గదా" అంటాము. పాత చీరలే. కానీ లెక్క చూడండి.

చీర సుమారు 18 అడుగుల పొడవు. మూడు సమానమైన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు. వెడల్పు 45 అంగుళాలు, అంటే నాలుగడుగులకు కొంచెం తక్కువ. ఒక మనిషి కప్పుకునే బొంతకు అది సరిపోయే కొలత. రెండు చీరలు పరిస్తే ఆరు పొరలు వస్తాయి. ఇద్దరికి చాలే బొంత కావాలంటే రెండు వెడల్పులు పక్కపక్కన కలపాలి, నాలుగు చీరలు కావాలి.

ముందు చీరలు ఉతికి, గంజి పోగొట్టి, ఎండలో ఆరేయాలి. అంచులు చించి పక్కన పెట్టాలి, అవి చివర్లో చుట్టూ పట్టీకి పనికి వస్తాయి. పొరలు నేల మీద ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, పొరలు కదలకుండా అక్కడక్కడ పెద్ద టాకాలు వేయాలి. ఆ తరువాత లావు సూదితో వరుస వెంట వరుస. అంగుళానికొక వరుస వేస్తే ఒక మనిషి బొంతకు 45 వరుసలు. ఒక్కొక్క వరుస 6 అడుగులు. మొత్తం 270 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్లే అనుకున్నా 9,720 కుట్లు. ఆరు పొరల్లో నుంచి ఒక ఆడమనిషి వేలు దాదాపు పదివేల సార్లు సూదిని నెట్టాలి.

ఇంటి పని, నీళ్లు, పిల్లలు అన్నీ చూసుకుంటూ రోజుకు ఐదారు గంటలు కూర్చుంటే ఆమెకు ఒక బొంతకు ఆరు రోజులు పడుతున్నది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన ఆరు రోజులకు 1,842 రూపాయలు. ఆమె అడిగింది 1,200. బేరం 500 దగ్గర మొదలయింది. 500 అంటే రోజుకు 83 రూపాయలు. దారం ఖర్చు కూడా అందులోనే.

ఈ లెక్క రాస్తున్నది ఎవరినీ సిగ్గుపరచడానికి కాదు. లెక్క తెలియక అడిగాము. ఇప్పుడు తెలిసింది.

2. కురచ మంచం, ఇరుకు దుప్పటి

యెషయా 28వ అధ్యాయంలో ప్రవక్త యెరూషలేము అధికారులతో మాట్లాడుతూ ఒక పోలిక చెబుతాడు. పండుకోబోతే మంచం కురచ, కప్పుకోబోతే దుప్పటి ఇరుకు. వాళ్లు మరణంతోనే నిబంధన చేసుకున్నామని, అబద్ధాలను ఆశ్రయంగా చేసుకున్నామని ధైర్యంగా ఉన్నారు. ఆ ఆశ్రయం చాలదు అని దేవుడు చెప్పిన తీరు అది. తల కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే తల బయట. మన తాతల కాలం నుంచి అందరికీ తెలిసిన ఇబ్బంది ఇది.

ఈ ఇబ్బందికి బొంత కుట్టే అక్కల దగ్గర మందు ఉన్నది. కొడుకు బెంగళూరులో డబుల్ కాట్ కొన్నాడు, అమ్మ బొంత చాలడం లేదు, పెద్దది చేసివ్వమని తెస్తారు. చుట్టూ పట్టీలు కలిపి పెంచుతారు. ఇందులో రెండు మెలకువలు ఉన్నాయి. పాత బొంతలో ఎన్ని పొరలున్నాయో కొత్త పట్టీలో కూడా అన్నే ఉండాలి. లేకపోతే అంచు గాలికి లేచినట్లు తేలిపోతుంది. రెండవది, కొత్త గుడ్డ వాడితే దాన్ని ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉతికి, కుదించుకోనివ్వాలి. పాత గుడ్డ కుదించుకోవలసినంత ఎప్పుడో కుదించుకుపోయింది. కొత్తది ఉతక్కుండా కలిపితే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని పాతదాన్ని లాగి చింపుతుంది. మార్కు 2:21లో ప్రభువు చెప్పింది సరిగ్గా ఇదే. ఆయన పెరిగింది నజరేతులో ఒక కష్టజీవి ఇంట్లో. మాసిక సంగతి ఆయనకు తెలుసు.

పెద్దదాన్ని చిన్నది చేయడం ఇంకా కష్టం. అన్నదమ్ములు వేరుపడ్డారు, అమ్మ కుట్టిన బొంత ఒక్కటే ఉన్నది, రెండు చేసిపెట్టమని తెచ్చిన ఇల్లు కూడా ఉన్నది. ఆమె కత్తెర ముందు పట్టలేదు. మధ్యలో గీత గీసి, ఆ గీతకు ఇటొక వరుస, అటొక వరుస దగ్గర దగ్గరగా గట్టి కుట్టు వేసింది. ఆ రెండు వరుసల మధ్యన కోసింది. అలా చేయకుండా కోస్తే తెగిన చోట దారాలన్నీ వదులై, బొంత రెండు ముక్కలుగా కాక పోగులు పోగులుగా పోతుంది. వేరుపడక తప్పని కుటుంబాలు ఈ సంగతి గమనించాలి. కోయకముందు రెండు వైపులా గట్టిచేయండి. అమ్మను ఎవరు చూస్తారు, అప్పు ఎవరు తీరుస్తారు, పండుగకు ఎవరింట్లో కలుస్తారు అన్నవి ముందు కుట్టుకోండి. కత్తెర తరువాత.

ఇంకొందరు చనిపోయిన తల్లి చీరలు మూట కట్టి తెస్తారు. బొంతగా కుట్టిస్తే పిల్లలు అవ్వను కప్పుకుని పడుకుంటారని. అలాంటి మూట విప్పేటప్పుడు ఆమె ప్రార్థన చేసి విప్పుతుంది. పోగైన ముక్కల్లో ఏదీ వ్యర్థం కాకూడదని చెప్పిన ప్రభువు (యోహాను 6:12) ఆ మూటను కూడా చూస్తాడని మా నమ్మకం.

3. దొర్కా ఎవరి కోసం కుట్టింది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దొర్కా ఊరికే కుట్టి ఇచ్చింది నిజమే. తబితా, దొర్కా, రెండు పేర్లకూ అర్థం లేడి. ఊరు యొప్పే, మన ఊళ్ల వంటి సముద్రతీరపు ఊరు. ఆమె సత్క్రియలు, ధర్మకార్యాలు చేసేది. కాయిలాపడి చనిపోయినప్పుడు ఆమెను కడిగి మేడగదిలో పరుండబెట్టారు. దగ్గరలోని లుద్దలో ఉన్న పేతురును పిలుచుకొచ్చారు. అతడు మేడ ఎక్కేసరికి చుట్టూ నిలబడి ఏడుస్తున్నది ఎవరు? విధవరాండ్రు. దొర్కా తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తూ ఏడ్చారు.

ఆ గదిని ఒకసారి మనసులో పెట్టుకుని చూడండి. కుట్టినది దొర్కా. పుచ్చుకున్నది విధవరాండ్రు. ఉన్నవాళ్లకు ఆమె చవకగా కుట్టిచ్చిందని వాక్యంలో లేదు.

నెల జీతం ఉన్న మనము, రొయ్యల గుంటలున్న మనము, పిల్లలు విదేశాల్లో ఉన్న మనము, భర్త లేని సహోదరి వసారాలో నిలబడి "దొర్కాలాగా ఉండమ్మా" అంటే ఆ గదిని తలకిందులు చేసినట్లే. మన కథలో విధవరాలు ఆమె. మనలో ఎవరైనా దొర్కా కావాలనుకుంటే మంచిదే, దారి తెరిచే ఉన్నది. ఆమె అడిగిన వెల ఇచ్చి బొంత కొని, కప్పుకోవడానికి ఏమీ లేని మరొకరికి ఇవ్వండి. అప్పుడు కుట్టిన చేతికి కూలి ముట్టింది, చలిలో ఉన్న ఒంటికి వెచ్చదనం దొరికింది, ఇచ్చినవారు దొర్కా అయ్యారు. ధర్మం మన జేబులో నుంచి చేయాలి గాని ఇంకొకరి వేళ్లలో నుంచి కాదు.

కూలి ఇవ్వకుండా పొరుగువాడి చేత పని చేయించుకునేవానికి శ్రమ అని యిర్మీయా 22:13 హెచ్చరిస్తున్నది. పట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిలో పడుతుందని యాకోబు 5:4లో చదువుతాము. కాబట్టి ఆ సహోదరికి మేము చెప్పింది ఇది: అమ్మా, కూలి అడగడం పాపం కాదు. సామెతలు 31వ అధ్యాయంలోని స్త్రీ తానే పరుపులు సిద్ధపరచుకున్నది, తానే బట్టలు నేసి వర్తకులకు అమ్మింది, తన వ్యాపారంలో లాభం ఉన్నదని ఎరిగింది. ఆ అధ్యాయపు చివరి మాట, ఆమె చేతుల ఫలం ఆమెకు ఇవ్వమని.

4. "బాగోలేదు" అని కొనేవాడు

సామెతలు 20:14 చదివితే మన సంతలో జరిగేదే రాసినట్లుంటుంది. కొనేవాడు సరుకు బాగోలేదు, బాగోలేదు అంటాడు. కొనుక్కుని అవతలికి పోయాక భలే బేరం చేశానని అతిశయపడతాడు. కొనడానికి వంక పెట్టడం కూడా ఒక అబద్ధమేనని ఆ మాట మనకు గుర్తుచేస్తుంది.

ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు చేసే పనికి వెల తగ్గడం మన పాళెంలోనే పుట్టిన అలవాటు కాదు. నరసాపురం లేసు మనకు తెలుసు. మిషనరీ దొరసానులు నేర్పిన ఆ అల్లిక పశ్చిమ గోదావరి ఇళ్లలో నుంచి విదేశాలకు వెళ్లింది. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు అక్కడి స్త్రీలతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఇంటి చాకిరీ గాక రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లుతున్నా వారిని ఎవరూ పనివారుగా లెక్కించలేదని, తీరిక వేళలో ఏదో అల్లుకుంటున్నారు అన్నారని, అందుకే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె చూపించింది. "ఖాళీగా ఉండేదానికి ఏదో కుట్టుకుంటా ఉండాది" అని మనం అనేది కూడా ఆ మాటే.

ఇంకొక సంగతి ఉన్నది, ఇది ఒక సేవకుని ద్వారా జరిగింది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ప్రాంతం ఉన్నది. అక్కడ నల్లజాతి పేద స్త్రీలు చిరిగిన పని బట్టలతో, పాత గుడ్డలతో బొంతలు కుట్టుకునేవారు. 1965 డిసెంబరులో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ సంఘపు పాదిరి ఆ వైపు వెళ్తూ తీగ మీద ఆరేసిన బొంతలు చూశాడు. అది ఓటు హక్కు కోసం పోరాడుతున్న కాలం. ఓటుకు పేరు నమోదు చేసుకున్నందుకు పని, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆయన వాళ్ల దగ్గర ఒక్కొక్క బొంత 10 డాలర్లకు కొని, న్యూయార్కులో వేలానికి పెట్టించాడు. మరుసటి సంవత్సరం 1966లో ఆ స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో గీస్ బెండ్ బొంతలను హ్యూస్టన్‌లో పెద్ద మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు విడుదల చేసింది. గుడ్డ పాతదే, సూది పాతదే. చూసే కన్ను మారింది. ఆ కన్ను మన సంఘానికి కూడా కావాలి.

5. కుట్టే సహోదరీలకు ఒక మాట

వాక్యం రెండు వైపులా పదును గల ఖడ్గం, ఒక వైపే కోయదు. కుట్టి అమ్మే అక్కలారా, బొంతకు పైపొర, అడుగుపొర కొనేవారికి కనబడతాయి. మధ్య పొరలు మీకు, దేవునికి మాత్రమే కనబడతాయి. చెయ్యి పెడితే చిరిగే గుడ్డ మధ్యలో దాచకండి. దొంగత్రాసు యెహోవాకు హేయమైతే (సామెతలు 11:1) దొంగపొర కూడా అంతే. ఒంటికి తగిలే పొర నూలుదే వేయండి. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, సూది కింద జారుతుంది. కొలత అడిగేటప్పుడు మంచం కొలత కాదు, పరుపు కొలత అడగండి, ఎంత కిందికి వేలాడాలో కూడా అడగండి. ఎన్ని చీరలు, ఎన్ని రోజులు, ఎంత వెల అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. సగం అడ్వాన్సు తీసుకోండి, చెప్పిన రోజుకు ఇవ్వండి. వెల న్యాయంగా ఉంటే తల వంచుకుని చెప్పనవసరం లేదు.

6. మనము చేయవలసినది

మొదటిది, బాకీలు. బొంత తీసుకుని డబ్బు తరువాత ఇస్తామన్నవారు మనలో ఉన్నారు. బీదవాని పైబట్ట తాకట్టు పట్టుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చేయాలని నిర్గమకాండము 22:26-27 ఆజ్ఞాపిస్తున్నది. వాడు కప్పుకునేది అదొక్కటే, మరి దేనితో పడుకుంటాడు అని దేవుడే అడుగుతున్నాడు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన మన పెద్దలను అడగండి, తడిసిన బిడ్డకు ఒక పొడిగుడ్డ ఎంత విలువో చెబుతారు. ఇంకొకరిని కప్పడానికి కుట్టినదాని డబ్బు మన దగ్గర రాత్రి నిద్ర చేయకూడదు. ఈ ఆదివారం లోపల చెల్లించండి.

రెండవది, అమ్మకం మందిరంలో కాదు. సంఘాన్ని సంత చేస్తున్నారని ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన భయం సరైనదే, తండ్రి ఇంటిని వ్యాపారపు ఇల్లు చేయవద్దని ప్రభువే చెప్పాడు. కాబట్టి మందిరం ఆవరణలో అమ్మకాలు, ఆర్డర్లు ఉండవు. కొనేవారు ఆమె ఇంటికి వెళ్లండి, ఆమె ఇంటి ముందు నిలబడి ఆమె చెప్పిన వెల ఇవ్వండి. మా ఇంటికి ఆమె కుట్టిన బొంతకు పూర్తి వెల చెల్లించాము. సేవకునికి ఊరికే ఇస్తానన్నది. ఆమె ప్రేమకు స్తోత్రం చెప్పాము, డబ్బు చేతిలో పెట్టాము.

మూడవది, పాత చీరలు ఇచ్చేవారు ఉతికి ఇవ్వండి. నూలువి ఇవ్వండి. పనికిరానివి వదిలించుకోవడానికి ఆమె వసారా చెత్తకుండీ కాదు.

నాలుగవది, క్రిస్మస్‌కు మనం పంచే దుప్పట్లు. ప్రతి సంవత్సరం టౌనులో కొంటున్నాము. ఈసారి ఎన్ని వీలైతే అన్ని మన అక్కల చేతి బొంతలు కొందామని స్త్రీల సమాజం ముందు పెట్టాము. లెక్కలో తక్కువ బొంతలు రావచ్చు. అయితే అదే డబ్బు రెండు ఇళ్లకు మేలు చేస్తుంది. ప్రార్థించి ఎవరి వంతు వారు చెప్పండి.

ప్రియులారా, మన ప్రభువు మనలను కొన్నప్పుడు బేరం ఆడలేదు. బాగోలేదు, బాగోలేదు అని వంక పెట్టలేదు. చెప్పుకోవలసిన వంకలు మనలో ఎన్నో ఉన్నా పూర్తి వెల చెల్లించాడు. ఏదెను తోటలో సిగ్గుపడి దాక్కున్న ఆదాముకు, హవ్వకు చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగింది కూడా ఆయనే (ఆదికాండము 3:21). మనము కప్పుకున్నది ఆయన ఖర్చుతో వచ్చినది. అలాంటి మనము ఒక విధవరాలి ఆరు రోజుల కష్టం దగ్గర బేరం ఆడవచ్చునా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, చలిలో మమ్మును కప్పుచున్న నీ కృపకు స్తోత్రములు. సూది పట్టిన చేతులను దీవించుము. వారి కళ్లకు చూపును, వారి వెలకు న్యాయమును దయచేయుము. పట్టి ఉంచిన కూలి మా ఇళ్లలో లేకుండ మా హృదయములను కదిలించుము. కప్పుకొనుటకు ఏమియు లేనివారిని మా కళ్లకు చూపించుము. మమ్మును పూర్తి వెలకు కొన్న యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.